చేబదులు

నల్లగండ్లల ఐదో అంతస్తు మీద ఈతకొలను.
పుష్యమాసం, పొద్దుగాల ఏడు.
నీళ్లల చెయ్యి పెడితే
వేళ్లు నావి కావు.

"ఈ మిషను వేడి పుట్టియ్యదు బేటీ"
అనేటోడు ఖుద్దూస్ భాయ్.
"చలిగాలి జేబుల కూడ నాలుగు పైసల వెచ్చదనం ఉంటది.
అది చేబదులు తీస్కొని నీళ్లకిస్తది, గంతే.
గోడకు ఆనిచ్చి పెట్టినవనుకో,
తను ఊదిన చల్లగాలే మళ్ల తను మింగి
మొఖం మీద మంచు పట్టి కూసుంటది."

నేనే నిలబెట్టిన దీన్ని, రెండేండ్ల కింద.
సిమెంటు దిమ్మె, నాలుగు మూలలకు రబ్బరు బిళ్లలు.
లెవెల్ గొట్టంల బుడగ నడిమిట్లకు వచ్చేదాక
పొద్దు గుంకింది ఆ రోజు.
గోడకు రెండు మూరల ఎడం ఇడిచిపెడితే
"అంత జాగ వేస్టా?" అన్నడు మేనేజర్ ప్రభంజన్.
ఆ సందుల పూలకుండీలు పెట్టిపిచ్చిండు.
అందుకే సర్వీసంటే నాకు
మొదటి పని కుండీలు జరుపుడు.

ఇయ్యాల ఫిర్యాదు వేరే.
మిషను కింద నీళ్లు.
పైపు పగిలిందని వాచ్‌మెన్ బకెట పెట్టిండు.
సీసల ఆ నీళ్లు పట్టి మందు రెండు సుక్కలు వేసిన.
పసుపు తేలితే అవి కొలను నీళ్లు, క్లోరిన్ నీళ్లు.
తేలలే.
పైపుది కాదు, గాలి చెమట.
సల్లటి గిలాసకు బైట పట్టే సుక్కల చుట్టమే.
"కరివేపాకుకు పోయి అన్నా" అన్న.

రేకుల నిండ మాత్రం మన్ను.
ఎదురుగ లేస్తున్న టవర్ల సిమెంటు
అప్పిచ్చే గాలి గొంతు పిసుకుతున్నది.

ఐసొలేటర్ కిందికి గుంజి తాళమేసిన.
ఎర్ర అట్ట తగిలేసిన: మనిషున్నది.
తాళంచెవి మెడల, నల్లపూసల పక్కన.
టెస్టర్‌ను ముందుగాల బల్బు లైను మీద చూసిన,
తర్వాత చచ్చిన తీగ మీద,
మళ్ల బల్బు లైను మీద.
చావు కబురు చెప్పేటోడు
ముందు తను బతికున్నడో లేదో చూస్కోవాలె గద.
అయినా ఐదు నిమిషాలు ఆగిన.
కెపాసిటర్‌ది తేలు జాతి,
చచ్చినాంక కూడ కొండి ఊకోదు.

ఖుద్దూస్ భాయ్ కుడిచేతి రెండు వేళ్లకు స్పర్శ లేదు.
ఏ బంగ్లాల, ఎవరి బర్త్‌డే పార్టీకి టైమైతున్నదని
ఎవరు స్విచ్చేసిండ్రో
ఒక్కనాడు చెప్పలే.
మాతోని అన్నం తినేటప్పుడు
ఆ రెండు పక్కకు నిలబడేటియి,
పిలువని పేరంటానికి వచ్చినట్టు.

మూత ఇప్పి లోపల చెయ్యి పెట్టిన.
రేకులు కడిగేది బాకీ, తీగల మొనలు బిగించేది బాకీ.
వెనుక నుంచి
టక్. టక్ టక్.
ప్రభంజన్.
"దమయంతి మేడం వచ్చిండ్రు, ఒక్క పది నిమిషాలే వేస్త..."
తాళం ఊగింది.
ఊగి, నిలబడ్డది.
నేనేమనలే. నా చెయ్యి అట్లనే ఉన్నది లోపల,
పది వేళ్లు లెక్కబెట్టుకుంట.

మధ్యాహ్నానికి అయింది.
ముందు నీళ్లు పారనిచ్చి,
పైపులల్ల గాలి పోయినాంక మిషను లేపిన.
అంతకు ముందే, లీకేజి బ్రేకర్ బటన్ ఒత్తిన.
పడ్డది.
పడుడే దాని ఆరోగ్యం.

దమయంతి మేడం మోకాళ్లకు డాక్టరు నీళ్లల నడకే రాసిండట.
మెట్టు మీద కూసొని కాళ్లు పెట్టి "ఇస్స్" అన్నది.
"ఇరవై ఒకటి మేడం. ఎల్లుండికి ఇరవై ఎనిమిది.
అప్పు గద, కొంచెం కొంచెమే పుడతది."
ఆమె నవ్వింది గాని
కాళ్లు తియ్యలే.

లిఫ్టు దగ్గర ప్రభంజన్ ఆగిండు.
మొఖం ఎటో పెట్టి అడిగిండు:
"ఆ తాళం... ఎంతుంటది?"

"నూట ఎనభై సారు.
చెవి మాత్రం ఒక్కటే ఇస్తరు."